బోర్లించిన కప్పు

కిందటి వారం మా కుటుంబాన్నంతా ఓడ ఎక్కించి, మిమ్మల్ని మాత్రం రేవులో నిలబెట్టి వచ్చేశాను. అలిగారేమో, రండి, లోపలికి రండి. ఈ వారమే చేరినవాళ్ళుంటే వాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

మాది హాంకాంగ్‌లో ఎండుచేపల కొట్టు. మా అత్తగారు యూన్ తాయ్‌తాయ్‌కి డెబ్బై నిండాయని పండగ పేరు పెట్టి మూడు రోజుల ఓడ షికారు ఏర్పాటు చేశారు. పండగ వట్టిది. అసలు సంగతి మా మరిది కిన్‌ఫై తెచ్చుకున్న పిల్ల, లైక్వన్. ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా రిజిస్ట్రారు దగ్గర సంతకాలు చేసి వచ్చారు. సంతకాలదేముంది? పిల్ల మోకరిల్లి ఇచ్చిన టీ అత్తగారు తాగితేనే ఆ పిల్ల కోడలు. తాగేదాకా పరాయిదే, 'అత్తయ్యా' అని పిలిచే హక్కు కూడా లేదు, 'ఆంటీ' అనే పిలవాలి. ఆ టీ ఘడియ ఈ సాయంత్రమే, నడిసముద్రంలో. "ఇంట్లో పెట్టుకోవచ్చుగా అత్తయ్యా, ఓడ మీదెందుకు?" అని నేనడిగితే, "మధ్యలో లేచిపోవడానికి వీధి ఉండకూడదు" అంది ఆ మహాతల్లి.

నేను పెద్దకోడల్ని, ముయ్‌ఫాంగ్‌ని. మా నాన్న మెట్ల సందులో గొడుగులు బాగుచేసేవాడు. కాపరానికొచ్చి ఇరవై ఏళ్ళవుతున్నా అత్తగారికి నేనింకా 'గొడుగులమ్మాయి'నే. నాకిద్దరూ ఆడపిల్లలు. కొత్తది వచ్చి మగపిల్లాణ్ణి కంటే కొట్టు తాళాలు ఎవరి బొడ్లోకి పోతాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి లైక్వన్ మీద నాకేదో ప్రేమ ఉందనుకుని ఈ భాగం చదవకండి.

ఆ రోజు ఓడ ఎక్కడా ఆగదు. ఎటు చూసినా నీళ్ళే. చెయ్యడానికి పనేమీ లేక జనం గంజి తాగారు, కాసేపాగి మళ్ళీ గంజి తాగారు, పై అంతస్తులో వాలుకుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి అడ్డంగా పడ్డారు. మా ఆయన మొహం కడుక్కోకుండానే జూదం హాల్లోకి దూరాడు. మా మరిది ఈతకొలను గట్టు మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పడుకున్నాడు. ఆడవాళ్ళం నలుగురం మాజాంగ్ పలకలాట బల్ల చుట్టూ చేరాం. అత్తగారు, నేను, లైక్వన్, ఇంకా మా మామగారి అక్క. ఆవిణ్ణి మేము పెద్దత్త అంటాం. పెళ్ళి చేసుకోలేదు, ఉన్న బలమంతా నోట్లోనే దాచుకుంది.

"పలక వెయ్యవే పిల్లా! నువ్వు ఆలోచించేలోపు సముద్రం ఎండిపోయేట్టుంది," అంది పెద్దత్త.

"ఇదిగో పెద్దత్తా... అయ్యో, తప్పయిపోయింది, ఆంటీ."

"తొందరేం, నాలిక్కి కాస్త కళ్ళెం వెయ్యి. టీ ఇంకా పొయ్యి మీదికే ఎక్కలేదు," అంది అత్తగారు నవ్వుతూ.

ఆ మాటంటూనే ఆవిడ తన టీ ఆఖరి చుక్క దాకా తాగి, ఆ చిన్న కప్పుని బల్ల మీద బోర్లించింది. లైక్వన్ పలక కోసం చెయ్యి చాపుతోంది. ఆ చెయ్యి దారిలో ఆగి, కప్పుని వెల్లకిలా తిప్పిపెట్టి, మళ్ళీ తన దారిన పోయి పలక తీసుకుంది. పిల్ల కప్పు వైపు చూడను కూడా లేదు. టీ పోస్తుందేమో అనుకున్నాను, పొయ్యలేదు.

ఇంకో ఆట నడిచింది. అత్తగారు ఈసారి కప్పుని నా మోచేతి దగ్గర, ఆ పిల్లకి అందనంత దూరంలో బోర్లించింది. లైక్వన్ కాసేపు కుర్చీలో అటూ ఇటూ కదిలింది. పలకలు తప్పు వేసింది. చివరికి "ఒక్క నిమిషం అక్కా" అంటూ నా మీదుగా వంగి కప్పుని వెల్లకిలా పెట్టేసింది. పెట్టాక ఊపిరి పీల్చుకుంది. శుభ్రం పిచ్చి ఉన్న పిల్ల కాబోలు, మా ఇంట్లో రాణిస్తుందిలే అనుకున్నాను నేను.

కప్పు బోర్లించి ఉన్నంతసేపూ అత్తగారు తన కుడిచేతి పచ్చరాయి గాజుని ఎడంచేత్తో బిగించి పట్టుకుని కూచుంది. ఆటలో ఓడిపోతున్న కోపమేమో అనుకున్నాను. లైక్వన్ కప్పు ఎత్తగానే ఆవిడ గాజు వదిలేసి, "చాల్లే, ఆకలేస్తోంది" అని పలకలన్నీ కలిపేసింది.

భోజనాల బల్ల మీద ఆవిరికి ఉడికించిన పెద్ద చేప పెట్టారు. పైపక్క తినేశాక వడ్డించే కుర్రాడు ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు. చేపని ఎవరూ తిరగెయ్యలేదు. ఓడ మీద చేప తిరగెయ్యడం మాలో ఎవరూ చెయ్యరు. మరిది నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, చేప బుగ్గ గిల్లి లైక్వన్ గిన్నెలో వేశాడు. ఎంత ముద్దుగా ఉన్నారో చూడ్డానికి.

"లైక్వన్, మీ నాన్నగారు బడిపంతులన్నావు కదూ?" అంది అత్తగారు.

"అవునాంటీ. చెంగ్‌చావ్ దీవిలో."

"ఇంట్లో కప్పులు కడిగాక ఎలా పెట్టేవారు?"

పిల్ల చేతిలో తినే పుల్లలు గాలిలోనే ఆగిపోయాయి. మొహంలో రక్తం దిగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

"పాపం, దానికి చెప్పడం రావట్లేదు, నేనే చెప్తాను," అంది అత్తగారు. "మా ఇంట్లో కడిగిన కప్పు బోర్లిస్తాం, నీళ్ళోడాలని. పంతులైనా అంతే, పాలేరైనా అంతే. ఓడ తిరగబడుతుందని చేప తిరగెయ్యనివాళ్ళు ఊళ్ళో సగంమంది ఉన్నారు, దాంతో ఏమీ తేలదు. కానీ కప్పు బోర్లిస్తే ఎక్కడో పడవ బోల్తాపడుతుందని గుండెలు బాదుకునే జాతి ఒక్కటే ఉంది. పొద్దున్న రెండుసార్లు బోర్లించాను. రెండుసార్లూ ఎత్తింది."

అప్పటికి గాని నాకు వెలగలేదు. పడవ జనం! నీళ్ళ మీదే పుట్టి, నీళ్ళ మీదే కాపరాలు చేసి, నీళ్ళ మీదే పోయేవాళ్ళు. మా కొట్టుకి సరుకు తెచ్చేది వాళ్ళే, అయినా గడప దాటనివ్వం. తక్కెడే వీధిలోకి పట్టుకెళ్తాం. వాళ్ళు కూచున్న చోట నీళ్ళు కొట్టి కడుగుతాం. అలాంటి ఇంటి పిల్ల పొద్దుటినుంచీ మా బల్ల దగ్గర కూచుని మా చేపే తింటోంది.

"ఉప్పునీళ్ళ పిల్లా!" అని పెద్దత్త కేకపెట్టింది. పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పారు. "ఏమే మరదలా, వాళ్ళకి కాలికి ఆరేసి వేళ్ళుంటాయటగా! చెప్పులు విప్పమను, లెక్కపెట్టేద్దాం."

"పెద్దావిడ అడుగుతోంది. విప్పు," అంది అత్తగారు.

లైక్వన్ మరిది వైపు చూసింది. మరిది చేప కంటి వైపు చూస్తున్నాడు.

పిల్ల వంగి చెప్పు విప్పింది. పాదం ముందుకి చాపింది. పెద్దత్త బల్ల అంచు పట్టుకుని, వంగి, వేలితో చూపిస్తూ నిజంగానే లెక్కపెట్టింది. పక్క బల్ల దగ్గర పిల్లలు కుర్చీలెక్కి నవ్వుతున్నారు.

"అయిదే ఉన్నాయే! రెండోది కూడా చూపించు. ఆ ఆరోది అటు దాచుకున్నావేమో."

రెండోది కూడా విప్పింది. అక్కడా అయిదే. పెద్దత్తకి ఏదో నష్టం వచ్చినట్టు మొహం ముడుచుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా.

"చాల్లేమ్మా," అన్నాడు మరిది, ఎవరికీ వినపడకుండా.

అత్తగారికి వినపడింది. "నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలీదమ్మా. నాకూ పంతులనే చెప్పింది."

లైక్వన్ అతని వంక తిరిగింది. గొంతు పెంచలేదు. "మా అమ్మ వండిన రొయ్యల గంజి రెండు గిన్నెలు తాగావు కదా కిన్‌ఫై, ఉప్పు సరిపోయిందా? ఆ రోజు చెప్పనేలేదు."

మరిది నల్లకళ్ళద్దాలు మళ్ళీ కళ్ళ మీదికి దించుకున్నాడు. అత్తగారు మిగిలిన చేపబుగ్గ గిల్లి తన చేత్తో కొడుకు గిన్నెలో వేసింది.

"తినరా. చల్లారిపోతుంది. నువ్వూ తిను పిల్లా. టీ మానొద్దు. అయిదింటికి నా గదికి తీసుకురా. నీ చేతి టీని ఏం చెయ్యాలో నలుగురి ముందూ చేస్తాను."

మధ్యాహ్నానికి సముద్రం పొంగింది. 'కడ్డీలు పట్టుకుని నడవండి, భయం లేదు' అని మైకులో ఎవడో తీరిగ్గా చెప్తున్నాడు. వాడికేం, వాడు కూచున్నాడు. నేను వాలుకుర్చీలో అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని చావలేక పడి ఉన్నాను. ఓడ ఇటు ఒరిగితే పేగులు అటు, అటు ఒరిగితే ఇటు. ఆ ఊపులో లైక్వన్ చెప్పులు చేత్తో పట్టుకుని, ఇంట్లో వంటింటి నుంచి వరండాలోకి వచ్చినట్టు వచ్చింది.

"కళ్ళు మూసుకోకండక్కా. దూరంగా, నీళ్ళూ ఆకాశం కలిసే చోటు చూడండి. తగ్గుతుంది."

"ఇప్పుడు నాకు వైద్యం కూడా మొదలుపెట్టావా?" అన్నాను. కానీ చూశాను. దరిద్రం, తగ్గింది. "ఇదిగో, సాయంత్రం అక్కడికి పోకు. తలనొప్పని గదిలో పడుకో. రేవు రాగానే దిగి నీ దారి నువ్వు చూసుకో. ఆ వెన్నుపూస లేనివాడి కోసం ఎందుకు చెప్పు ఇంత?"

జాలిపడ్డాననుకునేరు. అది పోతే నాకే మంచిది.

"ఆయన కోసం ఇందాకటిదాకా అక్కా. ఇప్పుడు కాదు," అంది. "మా అమ్మ మీ కొట్టు ముందు వానలో కూచునేది. సరుకు తూచేదాకా కూచునేది. 'లోపల నేల రాతిదటే, కాలికి చల్లగా ఉంటుందట' అని చెప్పేది నాకు. నేను ఆ నేల మీద నిలబడతానని మాటిచ్చాను."

"ఎవరు మీ అమ్మ?"

"నీలం తలగుడ్డ కట్టుకునేది."

"అందరూ కట్టుకుంటారు. ఎవరని గుర్తుపెట్టుకోను?" అన్నాను. నిజమే కదా.

ఆ పిల్ల తల ఊపింది. "ఆంటీ ఎప్పుడైనా పడవెక్కారా?" అనడిగింది.

"పడవా! అవతలి గట్టుకి పోవాలన్నా సొరంగంలోంచి కారులోనే పోతుంది. నీళ్ళంటే ఆవిడకి అసహ్యం. ఈ ఓడ ఎక్కడమే వింత."

"మరి అటు చూడండి."

అటు చివరినుంచి అత్తగారు వస్తోంది. జనమంతా గోడలకి బల్లుల్లా అతుక్కుపోయారు. పెద్దత్త రెండు చేతులా కడ్డీ పట్టుకుని దేవుళ్ళందర్నీ పేరుపేరునా తిడుతోంది. అత్తగారు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని దారి నడిమధ్య నడుస్తోంది. ఓడ ఒరిగినప్పుడల్లా ఆవిడ మోకాళ్ళు కొంచెం వంగి, మళ్ళీ నిలబడుతున్నాయి. ఎంత మొండి మనిషో, ఓడక్కూడా లొంగదు అనుకున్నాను నేను. లైక్వన్ మాత్రం ఆవిడ మోకాళ్ళ వైపే చూస్తోంది. భోజనాల తర్వాత మొదటిసారి దాని మొహంలోకి రంగు వచ్చింది.

"అయిదింటికి వస్తానక్కా," అని చెప్పులు తొడుక్కుంది.

గదిలో ఎర్ర దిండ్లు పరిచాం. అత్తగారు కుర్చీలో కూచుంది. పక్కన బల్ల మీద బంగారు హారం పెట్టె ఉంది, మూత వేసి. పెద్దత్త మంచం కోళ్ళు పట్టుకుని నేల మీద చతికిలబడింది. మా ఆయన జూదంలోంచి లేవలేదు. మరిదీ లైక్వనూ మోకరిల్లారు. ఖర్జూరాలు వేసిన టీ. లైక్వన్ రెండు చేతులా కప్పు ఎత్తింది. గది ఒరుగుతోంది, కప్పులో టీ మాత్రం అద్దంలా నిలిచి ఉంది.

"అత్తయ్యా, టీ తాగండి."

అత్తగారు కప్పు అందుకుంది. పెదవుల దాకా తీసుకెళ్ళింది, వాసన చూసింది. తర్వాత టీ మొత్తం పళ్ళెంలోకి వంపేసి, ఖాళీ కప్పుని బల్ల మీద, పిల్ల మొహానికెదురుగా బోర్లించింది.

"ఇప్పుడు విను. నేను అన్యాయం చేసేదాన్ని కాను. ఈ కప్పు ఇలాగే ఉంటుంది. దీన్ని ముట్టుకోకుండా కూచోగలిగావా, నీలో నీళ్ళ బుద్ధి చచ్చిందని నమ్ముతాను. ఇంకో కప్పు పొయ్యి, తాగుతాను. చెయ్యి వేశావా, నువ్వేమిటో నీ చేత్తో నువ్వే ఒప్పుకున్నట్టు. రేవు రాగానే వీడు లాయరు దగ్గరికి వెళ్తాడు. ఏరా?"

"నీ ఇష్టం అమ్మా," అన్నాడు మరిది.

"ఎంతసేపు ఆంటీ?" అంది లైక్వన్.

"నాకు తృప్తి కలిగేదాకా."

పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఇంతకంటే క్రూరమైన పని నేను చూడలేదు, మా అత్తగారి దగ్గర చాలా చూశాను. మామూలు రోజైతే ఏదో మూఢనమ్మకమని పళ్ళ బిగువున కూచోవచ్చు. బయట అలలు కిటికీకి కొడుతున్నాయి. అదే నీళ్ళ మీద ఎక్కడో ఆ పిల్ల తల్లి పడవ ఉంది. ఓడ ఒరిగినప్పుడల్లా లైక్వన్ భుజాలు ముందుకి వస్తున్నాయి, మళ్ళీ వెనక్కి లాక్కుంటోంది. కింది పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకుంది. అయినా చూపు కప్పు మీద లేదు. అత్తగారి మీద ఉంది. ఆవిడ ఒంటి మీదే ఎక్కడో ఉంది. ఎక్కడా అని నేనూ చూశాను.

అత్తగారు కుడిచేతి పచ్చరాయి గాజుని ఎడంచేత్తో బిగించి పట్టుకుని కూచుంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"లేపెయ్యవే బాబూ, ఎత్తేసి పోవే, నాకు డోకొస్తోంది," అని పెద్దత్త మూలిగింది. మరిది గోడ మీద బొమ్మ చూస్తున్నాడు.

అప్పుడు వచ్చింది పెద్ద అల. ఓడ ఒక పక్కకి వాలింది, వాలుతూనే ఉంది, ఇక లేవదేమో అన్నంతగా వాలింది. నడవాలో ఏదో భళ్ళున పగిలింది. దీపాలు ఆరి వెలిగాయి. పెద్దత్త కళ్ళు గట్టిగా మూసుకుని "తల్లీ తిన్‌హౌ, సముద్రమ్మా, కాపాడు!" అని అరిచింది. మరిది దిండు మీంచి దొర్లి మొహం నేలకి కొట్టుకున్నాడు. బోర్లించిన కప్పు అలాగే బోర్లా, బల్ల మీద జారుతూ అంచుకి వచ్చేసింది.

లైక్వన్ చెయ్యి లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్ళోకి నొక్కేసింది.

కప్పుని ఆపిన చెయ్యి ఇంకొకటి. పచ్చరాయి గాజు ఉన్న చెయ్యి. అది కప్పుని పట్టి, తిప్పి, వెల్లకిలా బల్ల మధ్యలో పెట్టింది. ఎన్నో వేలసార్లు చేసిన పనిలా, చూడకుండానే చేసింది.

ఓడ లేచింది. అత్తగారు తన చేతి వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. నేను చూశానని ఆవిడకి తెలిసింది. గొడుగులమ్మాయి చూసిందని.

లైక్వన్ టీ కూజా ఎత్తి, ఆ కప్పులోనే, చుక్క ఒలకకుండా నింపింది.

"తాగండి, అత్తయ్యా."

"అందరూ బయటికి నడవండి," అంది అత్తగారు.

"అదేమిటే మరదలా, ఇంకా..."

"బయటికి! నువ్వు కాదు పిల్లా. నువ్వుండు."

మరిది ముక్కు తుడుచుకుంటూ పెద్దత్తని లేవదీశాడు. నేను అందరికంటే ఆఖర్న వెళ్ళాను, వీలైనంత నెమ్మదిగా. తలుపు మూస్తూ మూస్తూ జానెడు సందు మిగిల్చాను.

ఇరవై ఏళ్ళబట్టి నేను విన్న గొంతు కాదది. మా కొట్టు గడప అవతల, వీధిలో కూచుని చేపల ధర అరిచే ఆడవాళ్ళ యాస. ఆ యాసలో అత్తగారు అడుగుతోంది.

"మీ పడవ ఏ రేవుదే? మీ అమ్మమ్మ... ఇంకా బతికుందా?"